నాలుగు ట్రాకులూ ఒక ఇనుప రేకూ

మా మొదటి ఆల్బమ్‌లో గిటార్ లేదు, డ్రమ్స్ లేవు. మనిషి ఎత్తున్న ఒక ఇనుప రేకు, గేటు నుంచి ఊడదీసిన పొడవాటి స్ప్రింగు, రెండు పాత టేప్ రికార్డర్లు, రేకులు కత్తిరించే ఒక పవర్ ప్రెస్ యంత్రం చప్పుడు, ఒక తుప్పు తలుపు కిర్రు, ఒకమ్మాయి గొంతు. అంతే. వినిపిస్తే చాలామంది "ఎవరి మీద కోపంతో చేశారు ఇదంతా?" అని అడిగేవారు. కోపం మాట అటుంచితే, అంత ఓపిగ్గా నేను మరే పనీ చేసి ఎరగను. ఇండస్ట్రియల్ మ్యూజిక్, అంటే యంత్రాల చప్పుళ్లతో సంగీతం, అనగానే కనిపించినదాన్నల్లా బాదడమే అనుకుంటారు. మా రోజుల్లో ఎక్కువ భాగం దేన్నీ బాదకుండా, చెవి ఆనించి వినడంలోనే గడిచాయి.

మేం నలుగురం. ఒకడు పాడైపోయిన రేడియోలు విప్పి బాగుచేసేవాడు. ఒకడు డ్రమ్మర్, కానీ డ్రమ్స్ కన్నా పాత ఇనుప సామాన్ల కొట్ల దగ్గరే ఎక్కువగా ఉండేవాడు. నేను రికార్డింగ్ చూసుకునేవాణ్ణి. నాలుగో మనిషి తను. మాలో సంగీతం పద్ధతిగా నేర్చుకున్నది తనొక్కతే. టేపు కోసి అతికించడంలో తన చేతికి సాటి లేదు. పేర్లు రాయడం లేదు. ఇప్పుడు ఎవరి జీవితాలు వాళ్లవి.

క్యాసెట్ నుంచి క్యాసెట్‌కి కాపీ అవుతూ మా దాకా వచ్చిన సంగీతమే మాకు బడి. లండన్ బ్యాండ్ త్రాబింగ్ గ్రిజిల్ 1977లో తెచ్చిన మొదటి ఆల్బమ్‌కి వాళ్లు పెట్టిన పేరు 'ది సెకండ్ యాన్యువల్ రిపోర్ట్'. మొదటిదానికే రెండో వార్షిక నివేదిక! ఏదో కంపెనీ ఫైలులా తెల్లటి అట్ట, దాని మీద స్టిక్కర్లు. మొదటి విడతలో వేసింది 785 కాపీలు. అందులో చాలా భాగం కచేరీల్లో రికార్డు చేసినదే. ఒకే పాటని వేర్వేరు కచేరీల్లో వాయించిన తీరులో మళ్లీ మళ్లీ పెట్టారు. మా దగ్గరున్న కాపీ ఎన్నో చేతులు మారి వచ్చింది కాబట్టి దాని మీద ఇంకో పొర గరగర ఉండేది. అసలు చప్పుడు ఎక్కడ ఆగి, క్యాసెట్ గరగర ఎక్కడ మొదలవుతోందో చెప్పడం కష్టం. నాకు ఆ సంగతే బాగా నచ్చింది.

మా రేడియో వాడికి మాత్రం ఆ బ్యాండ్‌లో క్రిస్ కార్టర్ అంటే ప్రాణం. కార్టర్ తన బ్యాండ్ కోసం కట్టిన, శబ్దం తీరు మార్చే ఎఫెక్ట్ పెట్టె 'గ్రిజిలైజర్'కి ఆధారం 'ప్రాక్టికల్ ఎలక్ట్రానిక్స్' అనే పత్రికలో అచ్చయిన సర్క్యూట్. "పత్రిక చూసి కట్టొచ్చట్రా, కొనక్కర్లేదు" అని వాడు మొదటిసారి చెప్పినప్పుడు మా ముగ్గురికీ ఎంత ధైర్యం వచ్చిందో!

డ్రమ్మర్‌ని పట్టుకున్నది మాత్రం జర్మనీ. 1981లో అయిన్‌స్టుర్ట్సెండే నోయ్‌బౌటెన్ బ్యాండ్ 'కొలాప్స్' అనే తొలి ఆల్బమ్ తెచ్చింది. బ్లిక్సా బార్గెల్డ్, ఎన్.యు. ఉన్రూ, ఎఫ్.ఎం. ఐన్‌హైట్ అందులో ఉన్నవాళ్లు. ఉన్రూ తన డ్రమ్స్ అమ్మేసుకుని, వాటి బదులు దొరికిన ఇనుప ముక్కలు పోగుచేసి వాయించాడు. అంతకుముందు 1980లో వాళ్లు పశ్చిమ బెర్లిన్‌లో ఒక హైవే వంతెన లోపలి ఇరుకు చోటులోకి దూరి అక్కడే ఒక క్యాసెట్ రికార్డు చేశారు. ఈ కథ విన్న రోజు నుంచి మా డ్రమ్మర్ దారిలో కనిపించిన ప్రతి వస్తువునీ వేలితో కొట్టి చూసేవాడు. ఆ ఇనుప రేకు అలా దొరికిందే. తుప్పు పట్టి ఒక అంచు మెలితిరిగి ఉంది. ఆ మెలిక వల్లే దాని గొంతు అలా ఉండేదని ఇప్పటికీ నా నమ్మకం.

రేకుని తాళ్లతో పైనుంచి వేలాడదీశాం. ముందు మామూలు మైక్ పెట్టాం. గదంతా రికార్డయింది గానీ రేకు కాలేదు. అప్పుడు రేడియో వాడు పియెజో బిళ్లలు తెచ్చాడు. 27 మిల్లీమీటర్ల ఇత్తడి బిళ్ల, దాని మీద తెల్లటి సిరామిక్ పొర. బజర్లలో ఉండేవే. కరెంటు ఇస్తే మోగుతాయి, అదురు తగిలితే కరెంటు పుట్టిస్తాయి. ఒత్తిడి వల్ల స్ఫటికాల్లో కరెంటు పుట్టే ఈ గుణాన్ని 1880లో పియెర్, జాక్ క్యూరీ సోదరులు కనిపెట్టారు. గాలిలో ఉన్న శబ్దాన్ని ఈ బిళ్ల దాదాపు పట్టించుకోదు. తాను అతుక్కున్న వస్తువు లోపల నడిచే అదురునే వింటుంది.

నేరుగా మిక్సర్‌కి తగిలిస్తే మాత్రం చప్పుడు పీలగా, రేకు డబ్బాలో గులకరాళ్లు వేసి ఊపినట్టు వచ్చింది. బేస్ ఆనవాలే లేదు. ఆ బిళ్లకి ఇన్‌పుట్‌లో కనీసం ఒక మెగా ఓమ్, అంటే పది లక్షల ఓమ్‌ల నిరోధం ఉన్న ప్రీ-ఆంప్ (సన్నటి సిగ్నల్‌ని మిక్సర్‌కి సరిపడేలా చేసే సర్క్యూట్) కావాలి. మామూలు మైక్ ఇన్‌పుట్‌లో ఉండేది రెండు మూడు వేల ఓమ్‌లు. ఆ తేడాలోనే కింది స్వరాలన్నీ కొట్టుకుపోతాయి. వాడు ఒకే ఒక్క ట్రాన్సిస్టర్‌తో చిన్న బఫర్ సర్క్యూట్ అలాంటిదే కట్టి మధ్యలో పెట్టాడు. హెడ్‌ఫోన్స్ నా చెవులకే ఉన్నాయి. రేకు మీద వేలి కొసతో మెల్లగా రుద్దమన్నాను. ఆ వచ్చిన శబ్దాన్ని ఏమనాలో ఇప్పటికీ తెలియదు. కొండల అవతల ఉరిమినట్టుంది, కానీ ఆ ఉరుము నా తల లోపల ఉంది. నోట మాట రాక హెడ్‌ఫోన్స్ తీసి తనకిచ్చాను. తను కళ్లు మూసుకుని చాలాసేపు విని, "ఇక దీన్ని ఎవరూ కొట్టకండి" అంది.

తర్వాత ఎన్నో సాయంత్రాలు ఆ రేకుతోనే గడిచాయి. గోటితో గీస్తే ఒకటి, సూది దొర్లిస్తే ఒకటి, తడి వేలితో రుద్దితే ఇంకొకటి. తను వయొలిన్ కమానుకి రోజిన్ (కమాను జారిపోకుండా పూసే జిగురు) బాగా పట్టించి అంచు మీద లాగేది. మొదట ఏమీ రాదు. తర్వాత చెవులు చిల్లులు పడే కీచు. ఓపిగ్గా అదే బరువుతో లాగుతూ పోతే ఎక్కడో అది సర్దుకుని లోతైన ఒకే స్వరం మీద నిలబడేది. కాస్త బరువు మారిస్తే ఆ స్వరం జారదు, ఒక్క గెంతులో ఇంకో చోటికి పోతుంది. తీగ అయితే దాని పై స్వరాలు రెండింతలు, మూడింతలు, నాలుగింతలు అని లెక్క ప్రకారం వస్తాయి. రేకులో ఆ వరస ఉండదు. శ్రుతి చేద్దామంటే కుదరదు. "దానికి శ్రుతి లేకపోతే మనమే దాని శ్రుతికి వెళ్దాం" అని తను రేకు కింది స్వరాన్ని పట్టుకుని దానికి గొంతు కలిపింది. ఆల్బమ్‌లో రెండో ట్రాక్ మొదట్లో వినిపించే హమ్మింగ్ అదే. చాలామంది దాన్ని సింథసైజర్ అనుకున్నారు.

స్ప్రింగు స్వభావం వేరు. దాని ఒక కొస తట్టి ఇంకో కొస దగ్గర వింటే 'చ్యూం' అని పై నుంచి కిందికి జారుతూ వస్తుంది. అందులో పైస్థాయి శబ్దాలు వేగంగా ప్రయాణించి ముందు చేరతాయి, కిందివి వెనక వస్తాయి. లేజర్ తుపాకీ చప్పుడులా ఉంటుంది కాబట్టి ఎక్కువ వాడలేదు. మూడు చోట్ల ఉందేమో.

రికార్డింగ్ అంతా క్యాసెట్ మీద నడిచే నాలుగు ట్రాకుల మెషీన్ మీదే. ఒకే టేపు మీద నాలుగు చప్పుళ్లని పక్కపక్కనే విడివిడిగా ఎక్కించేది. 1979లో టాస్కామ్ కంపెనీ పోర్టాస్టూడియో 144తో మొదలుపెట్టిన తరహా అది. మామూలు క్యాసెట్ సెకనుకి 4.75 సెంటీమీటర్ల వేగంతో తిరిగితే ఇది 9.5తో తిరుగుతుంది. అందుకే శబ్దం కాస్త బాగుండేది. ఈ లెక్కలో ఒక వరం కూడా దాగుంది. ఇందులో రికార్డు చేసింది మామూలు డెక్‌లో పెడితే సగం వేగంతో వస్తుంది. ఒక స్థాయి కిందికి దిగుతుంది, నిడివి రెట్టింపవుతుంది. తుప్పు పట్టిన తలుపు బందు కిర్రుమన్న చప్పుడు అలా దిగితే అది కిర్రు కాదు, ఏడుపు. ఆల్బమ్‌లో నాలుగో పాటలో ఉన్నది ఆ తలుపే.

మెషీన్‌లో ఉన్న నాలుగు ట్రాకులు ఎవరికి సరిపోతాయి? మూడు నింపి, ఆ మూడింటినీ కలిపి నాలుగోదానిలోకి ఎక్కించాలి. దాన్నే బౌన్స్ అనేవాళ్లం. ఆ తర్వాత మొదటి మూడూ చెరిపేసి వాటి మీద కొత్తవి రికార్డు చేయాలి. ఒకసారి బౌన్స్ చేశాక ఇక దేని వాల్యూమూ మార్చలేం. ఇప్పటివాళ్లకి ఆ టెన్షన్ చెప్పినా అర్థం కాదు. వందల ట్రాకులు, ఎన్నిసార్లయినా వెనక్కి వెళ్లే వీలు. మాకు రికార్డ్ బటన్ నొక్కడమంటే సంతకం పెట్టడమే. నలుగురూ ఒప్పుకుంటే తప్ప బౌన్స్ చేయకూడదని రూలు పెట్టుకున్నాం. ఆ రూలు వల్ల రాత్రిళ్లు గొడవలయ్యాయి, ఒక్కోసారి మాటలు కూడా మానేశాం. కానీ ఆల్బమ్‌లో అనవసరమైన చప్పుడు ఒక్కటి కూడా లేకపోవడానికి కారణం ఆ రూలే. బౌన్స్ చేసిన ప్రతిసారీ టేపు హిస్, అంటే టేపు తనంతట తాను చేసే సన్నటి 'స్‌స్' చప్పుడు, ఇంకొంచెం పెరుగుతుంది. కాబట్టి ఏ చప్పుడైనా ఆ హిస్‌కి తగినంత విలువైనదేనా అని అడగాల్సి వచ్చేది.

స్టూడియోకి వెళ్లే స్థోమత మాకు లేదు. 1989లో 'ప్రెట్టీ హేట్ మెషీన్' ఆల్బమ్‌తో పేరు తెచ్చుకున్న అమెరికన్ సంగీతకారుడు ట్రెంట్ రెజ్నర్ క్లీవ్‌లాండ్‌లో ఒక స్టూడియోలో చిన్నాచితకా పనులు చేస్తూ, అది ఖాళీగా ఉన్న వేళల్లో తన డెమోలు రికార్డు చేసుకున్నాడని చదివి, ఆ పద్ధతి మేమూ ఆలోచించాం. కుదరలేదు. ఒకరకంగా మంచిదే అయింది. స్టూడియోలో ఉంటే వర్క్‌షాప్‌కి వెళ్లేవాళ్లం కాదు.

వర్క్‌షాప్ సంగతి చెప్పాలి. రేకుల నుంచి చిన్న చిన్న భాగాలు కత్తిరించే చోటు. త్వరలో మూతపడుతుందని అప్పటికే అందరికీ తెలుసు. డ్రమ్మర్‌కి అక్కడ ప్రెస్ నడిపే ఒక పెద్దాయనతో పరిచయం. పని అయిపోయాక ఒక సాయంత్రం ఆయన మాకోసం ప్రెస్ నడిపి చూపించాడు. మేం బిళ్లలు ఎక్కడ అతికించాలా అని తడబడుతుంటే, "అక్కడ కాదు బాబూ, ఇక్కడ పెట్టు. ఏ తేడా వచ్చినా ముందు ఇక్కడే తెలుస్తుంది" అని ఫ్లైవీల్ (ప్రెస్‌కి ఊపునిచ్చే బరువైన చక్రం) బేరింగ్ పక్కన వేలు పెట్టి చూపించాడు. అరచేయి ఆ ఇనుము మీద ఆనించి ఉంచే తీరులోనే తెలిసింది, మేం కొత్తగా కనిపెట్టామనుకున్న పనిని ఆయన ఏళ్ల తరబడి రోజూ చేస్తున్నాడని.

ఫ్లైవీల్ తిరుగుతూ చేసే గుయ్‌మనే మోత. క్లచ్ పడగానే 'టక్'. ఆ వెంటనే అచ్చు దిగిన దెబ్బ. ఆ దెబ్బకి నేలంతా అదిరి, పక్కనున్న డబ్బాలోని మేకులు గలగలమనడం. మళ్లీ మోత. దెబ్బ కన్నా దెబ్బకి ముందు వచ్చే ఆ చిన్న 'టక్'లోనే నాకు సంగీతమంతా వినిపించింది. రాబోయేదాన్ని చెప్పే చప్పుడది. ఆల్బమ్‌లో మొదటి పాట మొత్తాన్ని ఆ 'టక్' మీద నిలబెట్టాం. దెబ్బని చాలాచోట్ల కోసేశాం. వినేవాళ్లు దానికోసం ఎదురుచూస్తారు, అది రాదు.

కొన్నాళ్లకి మిక్స్ ఒక దారికి వచ్చాక డ్రమ్మర్ ఆ పెద్దాయన్ని పిలుచుకొచ్చాడు. హెడ్‌ఫోన్స్ పెట్టి వినిపించాం. అప్పటికే ఆ ప్రెస్ చప్పుడు సగం వేగానికి దిగి, ఫిల్టర్లో నలిగి, రివర్బ్ అనే ప్రతిధ్వనిలో మునిగి ఉంది. మాకే గుర్తుపట్టడం కష్టం. ఆయన కాసేపు విని, "ఇది మా ప్రెస్సే. బెల్టు లూజుగా ఉంది చూడు" అన్నాడు. మేం ముఖముఖాలు చూసుకున్నాం. మళ్లీ వింటే నిజమే, మోత లోపల ఒక మెత్తటి తపతప ఉంది. అన్నిసార్లు విన్న మా నలుగురికీ అది పట్టలేదు. తర్వాత ఆయన ఇంకో మాట అన్నాడు: "ఇంత దూరం నుంచి వినిపిస్తోందేంటి? మేం దాని పక్కనే నిలబడతాం కదా."

ఆ మాటతో మిక్స్ అంతా మారిపోయింది. రివర్బ్ చప్పుడుని పెద్ద హాల్లో పెడుతుంది, భయంకరంగా, గొప్పగా చేస్తుంది. ఫ్యాక్టరీని బయట నుంచి చూసేవాడికి అలాగే ఉంటుంది. పనిచేసేవాడికి అది చేతికి అందేంత దగ్గర. రివర్బ్ మొత్తం తీసేశాం. పొడిగా, చెవికి ఆనుకుని, తప్పించుకునే చోటు లేకుండా మిగిలింది. తన గొంతుకి కూడా తీసేయమని తనే పట్టుబట్టింది. త్రాబింగ్ గ్రిజిల్ వాళ్ల సొంత రికార్డు కంపెనీ ఇండస్ట్రియల్ రికార్డ్స్‌కి అమెరికన్ కళాకారుడు మాంటె కజాజా ఇచ్చిన నినాదం ఒకటుంది, 'పారిశ్రామిక జనానికి పారిశ్రామిక సంగీతం' అని. ఆ జనంలో మనిషి మా మిక్స్ విని దిద్దిపెట్టడం కన్నా పెద్ద సర్టిఫికెట్ మాకు అక్కర్లేకపోయింది.

ఆయనకి టేపు హిస్ మాత్రం వినిపించలేదు. "ఏ హిస్సు?" అన్నాడు. పెద్ద శబ్దాల మధ్య ఏళ్లు గడిపినవాళ్లకి మొదట పోయేది 4000 హెర్ట్జ్ చుట్టుపక్కల వినికిడి. 85 డెసిబెల్స్ దగ్గర ఎనిమిది గంటలు ఉండొచ్చంటారు. ఆ పైన ప్రతి 3 డెసిబెల్స్‌కీ ఆ సమయం సగమైపోతుంది. 100 డెసిబెల్స్‌కి చేరేసరికి పావుగంట. ఆ లెక్క తెలిశాక మేం గ్రైండర్‌తో రికార్డు చేసినప్పుడల్లా చెవులకి ప్లగ్స్ పెట్టుకున్నాం. ఈ తరహా సంగీతం చేసే పిల్లలకి నేను ఇప్పటికీ ముందుగా చెప్పేది ఆ మాటే.

ఆల్బమ్‌లో చివరి పాట లూపులది. రీల్ టేపు ముక్కని 45 డిగ్రీల కోణంలో కోసి, రెండు కొసలూ అతికించి ఉంగరంలా చేస్తే అదే చప్పుడు తిరుగుతూ ఉంటుంది. సెకనుకి 19 సెంటీమీటర్ల వేగంలో 76 సెంటీమీటర్ల టేపు అంటే 4 సెకన్లు, 95 సెంటీమీటర్లంటే 5 సెకన్లు. ఈ రెండు లూపుల్నీ రెండు మెషీన్ల మీద ఒకేసారి తిప్పితే ప్రతి 20 సెకన్లకీ మళ్లీ మొదటిచోట కలుస్తాయి. కాగితం మీద లెక్క అది. కానీ ఏ రెండు మోటార్లూ ఒకే వేగంతో తిరగవు. కలవాల్సిన చోట కాస్త ముందో వెనకో పడతాయి, ఆ తేడా మెల్లమెల్లగా పెరుగుతుంది. లూపు చుట్టి ఉన్న మైక్ స్టాండ్లని బిగుతు కోసం అటూఇటూ జరుపుతూ, టేపు బయటికి జారకుండా చూపుడువేలు అడ్డం పెట్టి తను నిలబడేది. మేం ముగ్గురం ఊపిరి బిగబట్టి వినేవాళ్లం. అదే 'టక్', అదే రేకు స్వరం, కానీ రెండోసారి అదే చోట పడదు. లోహంలో అంత ప్రాణం ఉంటుందని నేను అనుకోలేదు.

చప్పుళ్లని కోసి సంగీతంగా కట్టడం మాతో మొదలైన పని కాదని అప్పటికి తెలుసు. పారిస్‌లో రేడియో ఇంజనీర్ పియెర్ షెఫెర్ 1948లోనే రైళ్ల చప్పుళ్లతో ఒక కూర్పు చేశాడు, అదీ టేపు లేకుండా, రికార్డు డిస్కుల మీద. అంతకు ముందు 1913లో ఇటలీలో చిత్రకారుడు లుయిజి రస్సోలో శబ్దాల కళ గురించి మ్యానిఫెస్టో రాసి, గురగురలాడే పెట్టెలు కూడా కట్టాడు. అవి చదివినప్పుడు మాకు చిన్నతనం అనిపించలేదు. చుట్టాలు దొరికినట్టనిపించింది.

కాపీలు తీసేవాళ్లకి మాస్టర్ టేపు ఇచ్చి వచ్చాం. శాంపిల్ వింటే మొదటి అరనిమిషం లేదు. అక్కడున్న కరెంటు హమ్‌ని టేపు లోపం అనుకుని ఇంజనీర్ కోసేశాడు, హిస్ కూడా తగ్గించేశాడు. పాపం మంచి చేద్దామనే చేశాడు. "అన్నా, ఆ హమ్ కావాలనే పెట్టాం" అని పక్కన కూర్చుని మొత్తం వినిపిస్తే, చివరిదాకా విని, "ముందే చెప్తే ముట్టుకునేవాణ్ణి కాదు కదా" అన్నాడు. టేపు డబ్బా మీద తను పెద్ద అక్షరాలతో రాసింది: 'ఇందులోని చప్పుళ్లన్నీ కావాలని పెట్టినవే. దయచేసి ఏదీ తీసేయొద్దు.'

అట్టలు మేమే చేసుకున్నాం. రేకు మీద కాగితం పరిచి పెన్సిల్‌తో రుద్దితే తుప్పు గీతలు దిగాయి. ఏ రెండు అట్టలూ ఒకేలా లేవు. పెద్దాయనకి మొదటి కాపీ ఇచ్చాం. వర్క్‌షాప్ అప్పటికి మూసేశారు.

అమ్ముడుపోయింది తక్కువే, చేతులు మారింది ఎక్కువ. అట్ట లోపల అడ్రస్ అచ్చు వేయడం వల్ల ఉత్తరాలు వచ్చేవి. కొందరు తిట్టారు. కొందరు బఫర్ సర్క్యూట్ పంపమని అడిగారు, రేడియో వాడు ప్రతి ఒక్కరికీ చేత్తో గీసి పంపాడు. ఒకరు మాత్రం ఉత్తరం రాయకుండా క్యాసెట్ పంపారు. వినగా తాము పనిచేసే చోట నీళ్ల పంపు చప్పుడు అది. మైక్‌ని పైపుకే కట్టేసినట్టున్నారు, అంత దగ్గరగా ఉంది. నలుగురం మళ్లీ ఒక్కచోట కూర్చుని విన్నాం. అయిపోగానే తను క్యాసెట్ వెనక్కి తిప్పి, "బౌన్స్ చేద్దామా?" అంది. ఈసారి ఎవరూ గొడవపడలేదు. రెండో ఆల్బమ్ ఆ పంపుతోనే మొదలవుతుంది.